లాటీ మూన్ సెలవు చీటీ

అమెరికాలోని సదరన్ బాప్టిస్టు చర్చిల్లో డిసెంబరు వచ్చిందంటే ఒక ముసలావిడ పేరు వినిపిస్తుంది. లాటీ మూన్. ఆమె పేరు మీద క్రిస్మస్ కానుక పోగుచేస్తారు. విదేశాల్లో పనిచేసే మిషనరీల ఖర్చులకి ఆ డబ్బు వెళ్తుంది. ఈమధ్య సంవత్సరాల్లో ఏటా పది కోట్ల డాలర్లు దాటుతోంది. కానుక కవరుతో పాటు ఒక కథ కూడా చేతులు మారుతుంది. చైనాలో దాదాపు నలభై ఏళ్ళు గడిపిన నాలుగడుగుల మూడంగుళాల మనిషి, కరువులో తన తిండి చుట్టుపక్కల వాళ్ళకి పెట్టేసి, తను పస్తులుండి, యాభై పౌండ్లకి చిక్కిపోయి, స్వదేశానికి పంపిస్తుంటే దారిలోనే, జపాన్‌లోని కోబె రేవులో ఆగిన ఓడలో చనిపోయింది. ఆ రోజు 1912 డిసెంబరు 24. తెల్లారితే క్రిస్మస్.

ఇందులో తేదీ నిజం. రేవు నిజం. ఓడ నిజం. పస్తుల సంగతి దగ్గరే చరిత్రకారులు ఆగి ఆలోచిస్తారు. దాని గురించి తర్వాత చెప్తాను. ఈ కథ చదువుతూ పోతే, ఆ చావుకి పాతికేళ్ళ ముందు ఆమె రాసిన ఉత్తరాల దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. క్రిస్మస్ కానుక అనే ఆలోచన పుట్టింది అక్కడే. వాటిని వరసపెట్టి చదివితే ఆమె అడుగుతున్నవి ప్రధానంగా రెండు: పని పంచుకోడానికి మనుషులు, పనిచేసేవాళ్ళకి సెలవు. ఇవాళ త్యాగానికి గుర్తుగా పోగవుతున్న కానుక, ఒకప్పుడు ఒక ఉద్యోగి పెట్టుకున్న సెలవు చీటీకి జవాబుగా మొదలైంది. చీటీ మరుగున పడి చావు మాత్రమే ఎలా మిగిలిందన్నదే నా ప్రశ్న.

షార్లెట్ డిగ్స్ మూన్ 1840 డిసెంబరు 12న వర్జీనియాలో పుట్టింది. బానిసల చేత పొగాకు పండించిన భూస్వాముల కుటుంబం. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఆమెని చైనా పంపిన సంస్థ పుట్టుక కూడా అక్కడే ఉంది. బానిసల యజమానిని మిషనరీగా నియమించవచ్చా అన్న తగువు మీద అమెరికా బాప్టిస్టులు 1845లో రెండుగా చీలిపోయారు. ఉత్తరం వాళ్ళు ఒకవైపు, దక్షిణం వాళ్ళు ఒకవైపు. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేసిన జ్యూయెట్, క్లౌ దొరలు ఉత్తరపు శాఖ వాళ్ళు. లాటీ మూన్ దక్షిణపు శాఖ మనిషి. అంటే మన ఊళ్ళ చర్చిలకీ ఆమెకీ ఉన్నది దాయాదుల చుట్టరికం.

ఆ ఇంట్లో ఆడపిల్లలకి చదువు చెప్పించారు. అక్క ఒరియానా 1850లలోనే డాక్టరయింది. లాటీ 1861లో ఎం.ఏ. పట్టా అందుకుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఆ పట్టా పొందిన తొలి స్త్రీలలో ఆమె ఒకతె. భాషలు బాగా వచ్చు. అంతర్యుద్ధంలో ఆస్తి పోయింది. ఆమె బడిపంతులమ్మగా బతికింది. జార్జియాలోని కార్టర్స్‌విల్‌లో స్నేహితురాలితో కలిసి ఆడపిల్లల బడి నడిపింది. చెల్లెలు ఎడ్మోనియా 1872లో చైనా వెళ్ళింది. మరుసటి ఏడు, 32 ఏళ్ళ వయసులో, లాటీ కూడా బయల్దేరింది. పెళ్ళికాని ఆడవాళ్ళని మిషనరీలుగా పంపడానికి బోర్డు అప్పుడప్పుడే ఒప్పుకుంటున్న రోజులవి.

వాళ్ళు చేరింది షాన్‌డాంగ్ రాష్ట్రంలోని టెంగ్‌చౌ అనే రేవు ఊరు. ఇప్పుడు దాని పేరు పెంగ్లై. చెల్లెలు అక్కడ నిలవలేకపోయింది. ఒంట్లో బాగుండేది కాదు, మనసూ కుదుటపడలేదు. కొన్నేళ్ళకే లాటీ ఆమెని ఇంటికి దిగబెట్టి రావాల్సి వచ్చింది. విదేశంలో మిషనరీ బతుకు మనిషిని లోపల్నుంచి ఎలా తినేస్తుందో ఆమెకి పుస్తకాలు చెప్పనక్కర్లేదు. ఒకే ఇంట్లో, పక్క గదిలో చూసింది.

తొలి ఏళ్ళ ఉత్తరాల్లో చైనావాళ్ళ మీద చిన్నచూపు కనిపిస్తుంది. ఒక తెల్ల భూస్వామి కూతురి అహంకారం అది. వీధిలో పిల్లలు ఆమెని పరదేశి దయ్యం అని అరిచేవాళ్ళు. ఆమె బిస్కెట్లు చేసి పెట్టి వాళ్ళని మచ్చిక చేసుకుందన్నది బాగా ప్రచారంలో ఉన్న ముచ్చట. ఆ ముచ్చట కన్నా ముఖ్యమైనది, కాలం గడిచేకొద్దీ ఆమె భాష మారడం. క్రైస్తవేతరుల గురించి రాసేటప్పుడు గౌరవంగా మాట్లాడటం నేర్చుకోవాలని తర్వాతి రోజుల్లో తనవాళ్ళకే చెప్పింది. మతం మార్చడానికి వెళ్ళిన మనిషే. ఆ ఉద్దేశం చివరిదాకా మారలేదు. ఎదుటి మనిషిని చూసే చూపు మాత్రం మారింది.

ఇంకో తగువు సొంత సంస్థతోనే. ఆడ మిషనరీ అంటే ఆడపిల్లల బడిలో అక్షరాలు దిద్దించాలి. ఊళ్ళు తిరగడం, బోధించడం, నిర్ణయాలు తీసుకోవడం మగవాళ్ళ పని. లాటీకి ఈ ఏర్పాటు నచ్చలేదు. ఇన్ని వేల మైళ్ళు వచ్చింది నలుగురు పిల్లల మధ్య బందీగా కూర్చోడానికా అని 1883లో పత్రికకెక్కి మరీ వాదించింది. మిషన్ సమావేశాల్లో ఆడవాళ్ళకి ఓటు ఉండకూడదనే మాట వచ్చినప్పుడు, అదే జరిగితే రాజీనామా చేస్తానంది. చర్చి కథల్లో కనిపించే మెతక మనిషి కాదు ఈవిడ. హక్కుల గురించి రూల్సు చదివి మాట్లాడే ఉద్యోగి.

1885 చివర్లో ఆమె టెంగ్‌చౌ వదిలి వంద మైళ్ళకు పైగా లోపలికి, పింగ్‌టూ అనే ఊరికి వెళ్ళింది. రెండు కంచరగాడిదల మధ్య కట్టిన డోలీలో రోజుల తరబడి ప్రయాణం. అక్కడ ఇంకో తెల్లమనిషి లేడు. ఇటుకలతో కట్టి, కింద మంట పెట్టి వేడిచేసే 'కాంగ్' అనే అరుగు మీద పడుకునేది. షాన్‌డాంగ్ చలికాలం మామూలు చలి కాదు. పాశ్చాత్యుల గౌన్లు ఆగవు. దూది కుట్టిన చైనా కోట్లు తొడుక్కుంది. మొదట చలి కోసమే. తర్వాత జనం దగ్గరికి రానివ్వడానికి కూడా అవే పనికొచ్చాయి.

అలాంటి చోట డిసెంబరు ఎలా ఉంటుంది? మనకి క్రిస్మస్ అనగానే నక్షత్రం దీపాలు, అర్ధరాత్రి పాటలు, కేకు గుర్తొస్తాయి. పింగ్‌టూలో డిసెంబరు 25 ఒక మామూలు చలిరోజు. దుకాణాలు తెరిచే ఉంటాయి. అక్కడి వాళ్ళ పెద్దపండగ చాంద్రమాన సంవత్సరాది, ఇంకా నెలో రెండు నెలలో ఉంది. ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే సముద్రం దాటాలి, రేవు నుంచి డోలీ ఎక్కాలి. తను పండగనుకునే రోజు చుట్టూ ఎవరికీ పండగ కాకపోవడం ఒక ప్రత్యేకమైన ఒంటరితనం. పండగకి సెలవు దొరకక పరాయి ఊళ్ళో ఉండిపోయిన ఎవరికైనా ఇందులో ఒక పాలు తెలుసు. మిగతా పాళ్ళు, తను మాట్లాడే భాషలో పలకరించే మనిషి నెలల తరబడి లేకపోవడం, ఊహించుకోవాల్సిందే.

సాఫ్ట్‌వేర్‌లో మేం 'బస్ ఫ్యాక్టర్' అని ఒక మాట వాడతాం. ఎంతమంది బస్సు కింద పడితే ప్రాజెక్టు ఆగిపోతుంది అన్నదే ఆ లెక్క. పది అయితే పర్లేదు, మూడైతే జాగ్రత్త పడాలి, ఒకటైతే మేనేజరు తప్పు. పింగ్‌టూ బస్ ఫ్యాక్టరు ఒకటి. ఈ సంగతి లాటీ మూన్‌కి బాగా తెలుసు. తను కదిలితే చూసుకునేవాళ్ళు లేరు కాబట్టి కదలలేదు. కదలకపోతే ఒళ్ళు ఓర్చుకోదు. మిషనరీలకి పదేళ్ళకోసారి ఇంటికి వెళ్ళే సెలవు నియమంగా ఉండాలని ఆమె బోర్డుతో వాదించింది. చైనాలో మిషనరీలు జబ్బుపడటం, పిచ్చెక్కడం, చనిపోవడం ఆమె లెక్కపెట్టి చూసిన విషయాలు. సెలవు అనేది దయతో ఇచ్చేది కాదనీ, పని నిలబడటానికి అవసరమైన ఖర్చు అనీ ఆమె తేల్చుకుంది.

1887 సెప్టెంబరులో రాసిన ఉత్తరం ఆ డిసెంబరులో 'ఫారిన్ మిషన్ జర్నల్' అనే పత్రికలో వచ్చింది. మెథడిస్టు స్త్రీలు సంఘంగా ఏర్పడి డబ్బు పోగుచేస్తున్న తీరు చూపించి, మన బాప్టిస్టు స్త్రీలు ఎందుకు చేయలేరని అడిగింది. క్రిస్మస్‌కి ముందు వారాన్ని ప్రార్థనకీ కానుకకీ కేటాయించమంది. ఆ వారాన్నే ఎంచుకోవడంలో తర్కం సులభం. జనం ఒకరికొకరు ఇచ్చుకునే రోజుల్లో అడిగితే చెయ్యి కాస్త వదులుగా ఉంటుంది. చందాలు వసూలు చేసిన వాళ్ళెవరికైనా తెలిసిన విషయమే ఇది.

1888 మేలో రిచ్‌మండ్‌లో స్త్రీల సంఘం ఏర్పడింది. పేరు 'వుమన్స్ మిషనరీ యూనియన్'. దాని కార్యదర్శి ఆనీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఊరూరా ఉన్న మహిళా సమాజాలకి చేత్తో ఉత్తరాలు రాసి పంపింది. లక్ష్యం చాలా స్పష్టం: రెండు వేల డాలర్లు. ఆ డబ్బుతో ఇద్దరు స్త్రీలని చైనా పంపాలి. వాళ్ళు పని అందుకుంటే లాటీ మూన్ సెలవు మీద ఇంటికి రావాలి. ఆ క్రిస్మస్‌కి 3,315 డాలర్లు వచ్చాయి. ఇద్దరికి బదులు ముగ్గురిని పంపే వీలు కలిగింది.

నాకు ఈ కథలో ఇష్టమైన అంకె ఇదే. ఒక పని, దానికి కావలసిన మనుషులు, వాళ్ళకయ్యే ఖర్చు. ఎవరినీ చచ్చిపొమ్మనలేదు. ఎవరి చావునూ కవరు మీద అచ్చువేయలేదు. దూరంగా ఒక మనిషి అలసిపోయి ఉంది, ఆమెని కొన్నాళ్ళు ఇంటికి రప్పిద్దాం అని ఊళ్ళలో ఆడవాళ్ళు కోడిగుడ్లు అమ్ముకున్న చిల్లర లాంటి డబ్బు పోగుచేసి పంపారు.

అయినా ఆమె వెంటనే రాలేదు. వచ్చిన వాళ్ళకి భాష రావాలి, ఊళ్ళు తెలియాలి, మనుషులు అలవాటు కావాలి. ఆ పని కూడా ఆమెదే. చివరికి 1891లో ఓడెక్కింది. అంతకుముందు ఆమె ఇల్లు చూసింది చెల్లెల్ని దిగబెట్టడానికి వెళ్ళినప్పుడే. మధ్యలో పద్నాలుగేళ్ళు గడిచాయి. పదేళ్ళకోసారి సెలవు కావాలని వాదించిన మనిషికి దొరికిన సెలవు లెక్క ఇది.

తెలుగులో సెలవు అన్న మాటకి ఉన్న రెండర్థాలు ఇక్కడ పక్కపక్కనే నిలబడతాయి. సెలవు పెట్టడం ఒకటి, సెలవు తీసుకోవడం ఒకటి. మొదటిది సమయానికి దొరక్కపోతే రెండోదే మిగులుతుంది.

ఇది లాటీ మూన్ ఒక్కతె కథే కాదు. అందుకోడానికి ఇంకో చెయ్యి లేకపోవడం ఆనాటి మిషన్లన్నిటికీ ఉన్న జబ్బు. మన గోదావరి ఒడ్డునే దానికి ఉదాహరణ ఉంది. 1842లో గుంటూరుకి వచ్చిన ఫాదర్ హయ్యర్ పేరు ఆంధ్రలో లూథరన్ సంఘం వాళ్ళందరికీ తెలుసు. మధ్యలో అమెరికా వెళ్ళి, యాభై దాటాక వైద్యం చదివి డాక్టరై, తిరిగొచ్చి పల్నాడులో గురజాల దాకా వెళ్ళి పనిచేశాడు. 1857లో తిరిగి వెళ్ళిపోయాడు. తర్వాత అమెరికా అంతర్యుద్ధం, లూథరన్లలో చీలిక. రాజమండ్రి మిషన్‌కి మనుషులు లేక, దాన్ని ఆంగ్లికన్ మిషనరీ సంఘానికి అప్పజెప్పే పరిస్థితి వచ్చింది. 1869లో జరిగిన సినాడు సమావేశంలో నేను వెళ్తానని లేచి నిలబడింది డెబ్బై దాటిన హయ్యరే. ఆ డిసెంబరుకి ఆయన రాజమండ్రిలో ఉన్నాడు.

ఆ సంఘటనని లూథరన్ చరిత్రల్లో ముసలాయన తెగువకి గుర్తుగా చెప్తారు. తెగువే, కాదనను. కాని అదే గదిలో కూర్చున్న వాళ్ళ సంగతి కూడా అడగాలి కదా. మనవళ్ళతో పండగ చేసుకోవాల్సిన వయసు మనిషి, సముద్రాలు దాటి వెళ్ళి ఖాళీ కుర్చీలో కూర్చోవాల్సి వచ్చిందంటే, ఆ కుర్చీ అన్నాళ్ళు ఖాళీగా ఎందుకుంది? హయ్యర్ అదృష్టవంతుడు. ఏడాది పైచిలుకు ఉండి, తర్వాత వచ్చిన కుర్రవాళ్ళకి పని అప్పజెప్పి, ఇంటికి వెళ్ళి, 1873లో ఫిలడెల్ఫియాలో తనవాళ్ళ మధ్య కన్నుమూశాడు. ఆయన తర్వాత రాజమండ్రి వచ్చిన ఒక యువ మిషనరీ కొద్ది కాలానికే అక్కడే చనిపోయాడు. వయసు ఒక్కటే ప్రమాదం కాదన్నమాట.

మళ్ళీ చైనాకి వద్దాం. 1904లో మూడో సెలవు ముగించుకుని తిరిగొచ్చేసరికి లాటీ మూన్‌కి 63 ఏళ్ళు. చివరి కాలమంతా టెంగ్‌చౌలోనే. కొత్తగా వచ్చే మిషనరీలు ముందు ఆమె ఇంట్లో దిగేవాళ్ళు. వాళ్ళకి భాష నేర్పేది. బడులు నడిపేది. అమెరికాలో అక్క, చెల్లెలు ఇద్దరూ పోయారు. ఇంటికి వెళ్ళడం అన్న మాటకి ఉన్న బరువు ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతుందని ప్రవాసంలో ముసలితనం చూసినవాళ్ళు చెప్తారు. వెళ్ళాల్సిన ఇల్లు అక్కడ ఉండదు. ఉన్న ఇల్లు తనది కాదు.

1911లో చైనాలో విప్లవం వచ్చింది. మరుసటి ఏడు ఫిబ్రవరికి చక్రవర్తుల పాలన ముగిసింది. ఆ గొడవల్లోనే కరువు. పింగ్‌టూ ప్రాంతంలో తను ఎరిగిన కుటుంబాలు తిండి లేక మాడుతున్నాయి. అమెరికాలో బోర్డు అప్పుల్లో ఉంది. సహాయానికి డబ్బు పంపమంటే పంపే స్థితిలో లేదు. ఆమె దగ్గర ఉన్నది తన జీతం. అందులోంచే ఇచ్చింది.

ఇక్కడ ఇంకో కరువు గుర్తుకొస్తుంది. 1876 నుంచి రెండేళ్ళు మన ప్రాంతాన్ని ఊడ్చేసిన ధాత కరువు. అదే ఎల్ నీనో అప్పట్లో ఉత్తర చైనాని కూడా ఎండగట్టింది. లాటీ చైనాలో తొలి ఏళ్ళు గడుపుతున్న కాలమది. ఒంగోలులో క్లౌ దొర అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత ముక్క ప్రభుత్వం నుంచి కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో వచ్చిన మాదిగ పల్లెల జనానికి కూలి ఇప్పించాడు. ఆ పని మంచిచెడ్డల గురించి వేరే వాదనలున్నాయి. నేను చూస్తున్నది ఒక్క తేడానే. క్లౌ దగ్గర ఖజానా నుంచి వచ్చే డబ్బుకి ఒక దారి ఉంది. 1912లో లాటీ మూన్‌కి అలాంటి దారి లేదు. లక్షలమంది ఆకలికి ఎదురుగా 71 ఏళ్ళ ఆడమనిషి జీతం నిలబడింది. అది ఎన్నాళ్ళు నిలబడుతుంది?

ఆ చలికాలానికి తోటి మిషనరీలు చూసేసరికి ఆమె సరిగా తినడం లేదు. చెవి వెనక పుండు మానడం లేదు. మనసు కుంగిపోయింది, మాటల్లో పొంతన లేదు. పింగ్‌టూ వాళ్ళు ఆకలితో ఉన్నారన్న బెంగ, బోర్డు అప్పుల బెంగ. ఒక నర్సుని తోడిచ్చి అమెరికా ఓడ ఎక్కించారు. ఆ ప్రయాణంలో ఆమె జపాన్ దాటలేదు. అక్కడే దహనం చేశారు. బూడిద వర్జీనియాకి వెళ్ళింది. క్రూ అనే ఊళ్ళో సమాధి ఉంది.

ఆరేళ్ళ తర్వాత, 1918లో, ఆనీ ఆర్మ్‌స్ట్రాంగ్ సూచనతో క్రిస్మస్ కానుకకి లాటీ మూన్ పేరు పెట్టారు. 1927లో యూనా రాబర్ట్స్ లారెన్స్ రాసిన జీవితచరిత్ర వచ్చింది. పస్తులతో ప్రాణమిచ్చిన సాధ్వి కథ జనంలోకి వెళ్ళడంలో ఆ పుస్తకానిది పెద్ద పాత్ర. 2011లో రెజినా సలివన్ రాసిన చరిత్ర ఈ కథని గట్టిగా ప్రశ్నించింది. చావు నాటి ఆధారాలు అనారోగ్యాన్నీ, అదుపు తప్పిన మనఃస్థితినీ చూపిస్తున్నాయనీ, ఇష్టపూర్వకంగా చేసిన ఆకలి త్యాగం తర్వాత అల్లుకున్న కథ అనీ ఆమె వాదన.

ఈ తేడా చిన్నదని కొందరికి అనిపించవచ్చు. ఎలాగైతేనేం, ఇచ్చింది, తినలేదు, పోయింది. నాకు తేడా చాలా పెద్దదిగా కనిపిస్తుంది. తన ఇష్టంతో పస్తుండి చనిపోతే ఆమె త్యాగమూర్తి. మనం దండం పెట్టి కానుక వేస్తాం. జబ్బుపడి, మతి చలించి, చూసుకునే మనిషి ఆలస్యంగా దొరికి చనిపోతే, అప్పుడు కొన్ని ప్రశ్నలు వస్తాయి. ఎవరు చూడాలి? ఎప్పుడు పంపించి ఉండాలి? 71 ఏళ్ళ మనిషి జీతం కరువు నిధిగా ఎలా మారింది? సంస్థ అప్పు సాధ్వి కథలోకి వచ్చేసరికి ఆమె సుగుణంగా మారిపోయింది. లోటుని ఒక మనిషి తన ఒంటితో పూడ్చింది. సంస్థ ఆ ఒంటిని పటం కట్టింది. మన ఆఫీసుల్లోనూ రాత్రింబగళ్ళు పనిచేసి పడిపోయిన వాడికి అవార్డు ఇస్తారు. వాడి పక్కన ఇంకో మనిషిని ఎందుకు పెట్టలేదని ఆ సభలో ఎవరూ అడగరు.

దీనికి ఒక జవాబు ఉంది, దాన్ని తోసేయడం న్యాయం కాదు. కథ వల్లే కానుక పెరిగింది. కానుక వల్లే తర్వాతి మిషనరీలకి జీతాలు, వైద్యం, సెలవులు వచ్చాయి. లాటీ మూన్ అడిగినవన్నీ ఒక రకంగా ఆమె చావే సాధించిపెట్టింది అనొచ్చు. నిజమే. అయితే 1888 అంకె ఈ జవాబుకి అడ్డం వస్తుంది. అప్పటికి ఆమె బతికే ఉంది. ఆనీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉత్తరాల్లో చావు లేదు, అవసరం ఉంది. అయినా అడిగినదానికన్నా ఎక్కువ వచ్చింది. అలసిపోయిన మనిషికి తోడు కావాలన్న మాట జనానికి అర్థమయ్యేదే. వాళ్ళు ఇవ్వడానికి శవం అక్కర్లేకపోయింది.

సాధ్వి కథ ఇంకొకరిని కూడా మాయం చేస్తుంది. పింగ్‌టూ ప్రాంతంలో క్రైస్తవ సంఘాలు నిలబడింది ఒక్క లాటీ మూన్ వల్ల కాదు. కుటుంబం చేతిలో దెబ్బలు తిని కూడా నిలిచి, తర్వాత పాస్టరై వేలమందికి బాప్తిస్మమిచ్చిన లీ షౌటింగ్ లాంటి చైనావాళ్ళ వల్ల. తెల్లమనిషి ఒంటరిగా పోరాడిన కథలో వీళ్ళకి చోటు దొరకదు. ఆమె ఉత్తరాల్లో దొరుకుతుంది. పని పంచుకునే మనుషుల కోసం వెతికే కంటికి, ఎదురుగా ఉన్న మనుషులు కనిపిస్తారు కదా.

టెంగ్‌చౌ సంఘం వాళ్ళు 1915లో ఆమె జ్ఞాపకంగా ఒక రాయి నిలబెట్టారు. ఆమె సొంతదేశంలో కానుకకి ఆమె పేరు పడటానికి మూడేళ్ళ ముందు. ఆ రాయి పెట్టినవాళ్ళు ఆమె చేతి బిస్కెట్లు తిన్నవాళ్ళు, ఆమె బళ్ళో చదువుకున్నవాళ్ళు, చలికోటులో ఆమెని గుర్తుపట్టగలిగినవాళ్ళు. వాళ్ళకి ఆవిడ కవరు మీద బొమ్మ కాదు, పక్క వీధిలో బతికిన మనిషి.

డిసెంబరు కవర్ల మీద ఎవరైనా ఒక వాక్యం అచ్చువేసే అవకాశం నాకిస్తే, కోబె రేవు గురించి రాయను. 1888 లెక్క రాస్తాను. మూడువేల మూడువందల పదిహేను డాలర్లు: ముగ్గురు మనుషులు, ఒక సెలవు.